పాత డీలక్స్ రివర్బ్ ఫ్యూజ్ కొట్టేస్తోందా? ట్రాన్స్‌ఫార్మర్ కొనేముందు ఆరో కండెన్సర్ చూడండి

పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కి ఆర్డర్ పెట్టేశారా? పెట్టి ఉంటే ప్రస్తుతానికి క్యాన్సిల్ చేయండి. అది పోయిందనడానికి మీరు రాసినదాంట్లో నాకు ఒక్క ఆధారం కూడా కనిపించలేదు.

మీరు చెప్పింది నేను ఇలా అర్థం చేసుకున్నాను. డాలస్‌లో పక్కింటి పెద్దాయన ఇల్లు ఖాళీ చేస్తూ 1966 నాటి ఫెండర్ డీలక్స్ రివర్బ్ గిటార్ ఆంప్ మీకు ఇచ్చారు. మోగేది కానీ హమ్ ఎక్కువగా ఉండేది. కండెన్సర్ల కిట్ తెప్పించి, చాసిస్ (లోపలి లోహపు చట్రం) మీది రేకు డబ్బాలో ఐదు, లోపల బయాస్ దగ్గర ఒకటి, మొత్తం ఆరు మార్చారు. ఆ తర్వాత పవర్ స్విచ్ వేస్తే అంతా బాగానే ఉంటోంది. స్టాండ్‌బై స్విచ్ వాయించే వైపు వేసిన పది పదిహేను సెకన్లకి రెండు 6వీ6 ట్యూబుల్లోనూ (స్పీకరుని నడిపేవి ఇవే) ప్లేట్లు హీటరు కాయిల్‌లా ఎర్రబడి, ఫ్యూజ్ పోతోంది. 2 ఆంపుల ఫ్యూజ్ రెండుసార్లు పోయాక 5 ఆంపులది వేశారు. అది నిలబడింది కానీ ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటూ వేడెక్కింది, భయమేసి ఆపేశారు. మిత్రుడొకరు చూసి ట్రాన్స్‌ఫార్మర్ పోయిందన్నారు. వచ్చే ఏడాది హైదరాబాద్ తిరిగి వెళ్ళిపోతున్నారు, ఆంప్ వెంట తీసుకెళ్ళాలని మీ ఆశ.

ముందు ఆ 5 ఆంపుల ఫ్యూజ్ తీసేయండి. ఆ సెట్టు వెనక 2 ఆంపులు, స్లో బ్లో అని రాసి ఉంటుంది. 120 వోల్టుల దగ్గర 2 ఆంపులంటే 240 వాట్లు, 5 ఆంపులంటే 600. లోపల తప్పు ఉన్నప్పుడు 600 వాట్లదాకా లాగనిస్తే కాలేది ట్రాన్స్‌ఫార్మరే. మీ మిత్రుడి మాట ఇంకా నిజం కాలేదు. ఆ ఫ్యూజ్‌తో ఇంకో నాలుగు నిమిషాలు నడిపి ఉంటే మాత్రం అయ్యేది.

ఇప్పుడు అసలు సంగతి. మీరు రాసినదాంట్లో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన మాట "రెండూ" అన్నది. ఒక 6వీ6 మాత్రమే ఎర్రబడితే తప్పు ఆ ట్యూబులోనో, దాని సాకెట్లోనో, దాని గ్రిడ్‌కి (ట్యూబులో కరెంటుని అదుపు చేసే జాలీకి) వెళ్ళే 0.1 మైక్రోఫారడ్ కప్లింగ్ కండెన్సర్లోనో ఉంటుంది. రెండు ట్యూబులనీ తారుమారు చేసి చూస్తే తేలిపోతుంది: ఎరుపు ట్యూబుతోపాటు జరిగితే ట్యూబు తప్పు, ఆ సాకెట్లోనే ఉండిపోతే సెట్టు తప్పు. రెండూ ఒకేసారి ఎర్రబడుతున్నాయంటే ఆ రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో దెబ్బతింది. వాటికి ఉమ్మడిగా ఉన్నది బయాస్ సప్లై, అంటే గ్రిడ్లకి మైనస్ వోల్టులిచ్చే భాగం.

మీ సెట్టులో ఉన్న ఏబీ763 అనే సర్క్యూట్లో 6వీ6 కాథోడ్లు (ఎలక్ట్రాన్లు బయల్దేరే చోట్లు) నేరుగా చాసిస్‌కి కలిసి ఉంటాయి. ట్యూబు అదుపు తప్పకుండా పట్టుకునేది గ్రిడ్ మీద ఉన్న మైనస్ 35 వోల్టులే. అది కుళాయి బిగింపు లాంటిది. వదులైతే ప్లేటు మీదున్న 400 పైచిలుకు వోల్టులతో కరెంటు ధారగా పోతుంది. 6వీ6జీటీ ప్లేటు మోయగలిగింది 14 వాట్లు, పాత లెక్కలో అయితే 12. అంతకు కొన్ని రెట్లు పడితే మామూలుగా నల్లగా ఉండే ప్లేటు ఎర్రబడకుండా ఉండదు. మీకు పది పదిహేను సెకన్లు పడుతోందన్నదీ దీనికి సరిపోతుంది. నేరుగా షార్ట్ ఉంటే స్విచ్ వేసిన క్షణమే టప్పున పోవాలి. స్లో బ్లో ఫ్యూజ్ పది సెకన్లు ఓర్చుకుని పోయిందంటే లోడు ఎక్కువైంది, షార్ట్ కాలేదు.

అందుకే మీరు మార్చిన ఆరో కండెన్సర్ మీద నా అనుమానం. మీరే రాశారు, "ఆరింటికీ ప్లస్, మైనస్ జాగ్రత్తగా చూసుకుని, మైనస్ అన్నీ చాసిస్‌కే కట్టాను" అని. ఐదింటికి అది సరే. ఆరోదానికి మాత్రం ప్లస్ కాలు చాసిస్‌కి వెళ్ళాలి. బయాస్ సప్లై మైనస్ వోల్టేజీ కాబట్టి అక్కడ చాసిస్సే ప్లస్ వైపు. తిరగేసి కడితే ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్ కండెన్సర్‌లా ఉండదు, కరెంటు కారే రెసిస్టర్ అయిపోతుంది. మైనస్ 35 ఉండాల్సిన చోట రెండు మూడు వోల్టులు మిగులుతాయి. 6వీ6లకి ఇక పగ్గం ఉండదు.

మిమ్మల్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. నేనూ అదే పని చేశాను. కుర్రతనంలో విజయవాడలో ఒక రేడియో రిపేరు షాపులో పని నేర్చుకున్నాను. అప్పటికే వాల్వ్ రేడియోల కాలం అయిపోతోంది, అయినా ఇళ్ళలో అటక మీది మర్ఫీలు, ఫిలిప్స్‌లు, బుష్‌లు దించి తెచ్చేవాళ్ళు. వాటిలో అవుట్‌పుట్ వాల్వుకి కాథోడ్ దగ్గర ఒక రెసిస్టర్ ఉంటుంది, బయాస్ దానంతట అదే పుడుతుంది. మైనస్ సప్లై అంటూ విడిగా ఉండటం నేను చూడనే లేదు. "కండెన్సర్ మైనస్ కాలు చాసిస్‌కి" అన్నది చేతికి అలవాటైపోయింది. తర్వాత ఇక్కడికి, అమెరికాకి వచ్చి మొదటిసారి ఒక గిటార్ ఆంప్ తెరిచినప్పుడు ఆ అలవాటుతోనే కట్టాను. అరనిమిషంలో టపాకాయ పేలినట్టు శబ్దం, గదంతా చేపలు మాడిన కంపు, షర్టు మీద తడి కాగితం పీలికలు. కళ్ళజోడు ఉండబట్టి బతికిపోయాను. మీది ఇంకా పేలలేదంటే అదృష్టమే. పైన చిన్న ఉబ్బు వచ్చిందేమో చూడండి.

విప్పేముందు షాకు గురించి నాలుగు మాటలు. ఇవి దాటేసి చదవకండి. ప్లగ్గు పీకేసినా రేకు డబ్బాలోని కండెన్సర్లు 400 పైగా వోల్టులు పట్టుకుని ఉండొచ్చు. ట్యూబులు పెట్టి ఉంటే అవి చల్లారేలోపు కొంత తాగేస్తాయి. ట్యూబులు తీసి టెస్టు చేసినప్పుడు ఆ ఛార్జి చాలాసేపు నిలిచి ఉంటుంది, ప్రమాదమంతా అప్పుడే. స్క్రూడ్రైవర్‌తో చాసిస్‌కి కలిపి ఠప్పుమనిపించడం మా షాపులో అందరూ చేసేవారు. మీరు చేయకండి, అది కండెన్సర్‌కీ మంచిది కాదు, కంటికీ మంచిది కాదు. 10 కిలో ఓములు, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి తీసుకుని రెండు చివర్లకీ తొడుగున్న మొసలి క్లిప్పులు వేసుకోండి. ముందు ఒక క్లిప్పు చాసిస్‌కి పెట్టండి, తర్వాత రెండోది 6వీ6 సాకెట్టు 4వ పిన్నుకి. స్టాండ్‌బై స్విచ్ వాయించే వైపు ఉంచండి, లేకపోతే కొన్ని కండెన్సర్లు విడిగా ఉండిపోవచ్చు. పది సెకన్లు ఉంచాక ఐదు కండెన్సర్ల మీదా మీటరు పెట్టి చూడండి. 10 వోల్టుల లోపు ఉంటేనే చెయ్యి పెట్టండి. కరెంటు ఉన్నప్పుడు కొలవాల్సివస్తే నల్ల ప్రోబ్‌కి క్లిప్పు తగిలించి చాసిస్‌కి వదిలేయండి, ఎర్రది కుడిచేత్తో పట్టుకోండి, ఎడమచెయ్యి జేబులో. మా గురువుగారు ఎడమచెయ్యి బయటికి కనిపిస్తే స్కేలుతో కొట్టేవారు.

మీ సెట్టుకి రెండు పిన్నుల పాత వైరే ఉందన్నారు. అదీ ఈ విడతలోనే మార్చేయండి, మిగతా పనులకన్నా ముందు. మూడు పిన్నుల వైరు వేసి, ఎర్త్ తీగని చాసిస్‌కి విడిగా ఒక బోల్టుతో గట్టిగా బిగించండి. ట్రాన్స్‌ఫార్మర్ బిగించిన బోల్టు వాడొద్దు, అది కాలక్రమంలో వదులవుతుంది. లైవ్ తీగ ముందు ఫ్యూజ్‌కి, అక్కణ్ణుంచి స్విచ్‌కి పోవాలి. వెనక ఉన్న గ్రౌండ్ స్విచ్ నుంచి చాసిస్‌కి 0.047 మైక్రోఫారడ్, 600 వోల్టుల కండెన్సర్ ఒకటి ఉంటుంది. టెక్నీషియన్లు దాన్ని డెత్ కాప్ అంటారు. అది షార్ట్ అయితే చాసిస్ లైవ్ అవుతుంది, చాసిస్ లైవ్ అయితే మీ గిటారు తీగలూ లైవే. ఎర్త్ ఉన్న వైరు వేశాక దానితో పనే లేదు, కత్తిరించేయండి. ఇలాంటి సెట్టు పాతదనం చెడకూడదని ఆ కండెన్సర్ని అలాగే ఉంచే కలెక్టర్లున్నారు. నాకైతే ఆ పిచ్చి అర్థం కాదు.

ఇక సిరీస్ బోర్డు. మన ఊళ్ళలో ఏ కరెంటు పనివాడి బల్ల మీద చూసినా ఉంటుంది: ఒక బల్బు హోల్డరు, ఒక సాకెట్టు సిరీస్‌లో కట్టిన చెక్క. షార్ట్ ఉన్న సెట్టు తగిలిస్తే బల్బు పూర్తిగా వెలుగుతుంది, సెట్టు కాలదు. 100 వాట్ల ఫిలమెంట్ బల్బు కావాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. అమెరికాలో ఆ బల్బులు ఇప్పుడు మామూలు షాపుల్లో దొరకడం లేదు కాబట్టి ఓవెన్లలో వేసే 40 వాట్ల బల్బులు రెండు ప్యారలల్‌గా పెట్టుకోండి, పని జరుగుతుంది. ఫ్యూజులు ఒక్కొక్కటీ తగలేస్తూ టెస్టు చేయడం కన్నా ఇది ఎంతో నయం.

మీకు అందరూ చెప్పి ఉంటారు, పాత ఆంప్‌ని వేరియాక్ (వోల్టేజీ పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) మీద నెమ్మదిగా వోల్టేజీ పెంచుతూ లేపాలని. సిలికాన్ డయోడ్లున్న సెట్టుకి ఆ మాట నిజం. మీదాంట్లో ఏసీని డీసీ చేసే రెక్టిఫైయర్ కూడా ట్యూబే, జీజెడ్34. దాని హీటరు తగినంత వేడెక్కేదాకా అది డీసీ ఇవ్వనే ఇవ్వదు. వేరియాక్ సగానికి తిప్పేదాకా ఏమీ ఉండదు, ఆ తర్వాత ఒక్కసారిగా వందల వోల్టులు వచ్చిపడతాయి. నెమ్మదిగా లేపాం అన్న తృప్తి తప్ప కండెన్సర్లకి జరిగే మేలు తక్కువే.

ఇప్పుడు కొలత. రెండు 6వీ6లూ, జీజెడ్34 కూడా తీసి పక్కన పెట్టండి. రెక్టిఫైయర్ లేదు కాబట్టి హెచ్‌టీ, అంటే ట్యూబులకి వెళ్ళే వందల వోల్టుల డీసీ, ఎక్కడా ఉండదు. కానీ దాని సాకెట్టు 4, 6 పిన్నుల మీద ఒక్కోదానికి 330 వోల్టుల ఏసీ ఉంటుంది, ఆ చుట్టుపక్కలకి వేళ్ళు పోనివ్వకండి. బయాస్‌కి వేరే డయోడ్ ఉంది, అది జీజెడ్34తో సంబంధం లేకుండా పనిచేస్తుంది. సిరీస్ బోర్డు ద్వారా పవర్ ఇచ్చి, మీటరు డీసీలో పెట్టి, 6వీ6 సాకెట్టు 5వ పిన్ను దగ్గర చూడండి. రెండు సాకెట్లలోనూ మైనస్ 30 నుంచి మైనస్ 45 మధ్య ఎంతో కొంత రావాలి. బయాస్ పాట్ (బయాస్ సరిచేసే నాబ్) తిప్పితే అది సాఫీగా మారాలి. మీకు అక్కడ మైనస్ 2, మైనస్ 3 లాంటిది కనిపిస్తుందని నా నమ్మకం.

కనిపిస్తే పవర్ తీసి ఆ కండెన్సర్ని పారేయండి. తిరగేసి మళ్ళీ వాడొద్దు, ఒకసారి ఉల్టా కరెంటు తిన్నదాన్ని నమ్మలేం. ఫ్యాక్టరీలో వేసింది 25 మైక్రోఫారడ్, 50 వోల్టులది. 47 మైక్రోఫారడ్, 100 వోల్టులది వేయండి, ప్లస్ చాసిస్ వైపు. ఆ పక్కనే డయోడ్‌కి ముందు 470 ఓముల, 1 వాట్ రెసిస్టర్ ఉంటుంది. దాన్ని దగ్గరగా చూడండి. పసుపు, ఊదా, గోధుమ పట్టీలు ఉండాలి. మీ కండెన్సర్ ఇన్నిసార్లు షార్ట్‌లా లాగింది కాబట్టి ఆ మూడు పట్టీలూ ఒకే కాఫీ రంగులోకి వచ్చి, కింద బోర్డు మీద గోరంత నల్ల మరక పడి ఉంటే ఆశ్చర్యపోను. లెక్క వేసి చూడండి: 50 వోల్టుల ట్యాప్, హాఫ్ వేవ్, ఎదురుగా షార్ట్. రెండున్నర వాట్లు దాటుతుంది, అది మోయగలిగింది ఒక్క వాటే. మీటరుతో ఓములు చూసి, పది శాతానికి మించి తేడా ఉంటే మార్చండి. డయోడ్ కూడా మార్చేయండి, 1ఎన్4007 వేస్తే చాలు, వెల నామమాత్రం. దానికీ ఒక దిశ ఉంది: పట్టీ ఉన్న వైపు ట్రాన్స్‌ఫార్మర్ వైపుకి. తిప్పి పెడితే గ్రిడ్ల మీదికి ప్లస్ వోల్టులు వస్తాయి, అప్పుడు మీ 6వీ6ల గతి ఇప్పటికన్నా ఘోరం.

ఒకవేళ 5వ పిన్ను దగ్గర మైనస్ 35 సరిగ్గానే వస్తే నా ఊహ తప్పు. అప్పుడు ఇంకో దారిలో వెతకాలి. ఇలాంటి లక్షణాలతోనే వేరే సెట్టున్నవాళ్ళకీ ఇది పనికొస్తుంది. పద్ధతి ఒకటే: అన్నీ తీసేసి, ఒక్కోటీ తిరిగి పెడుతూ, బల్బు ఎప్పుడు ప్రకాశవంతం అవుతుందో చూడటం.

మొత్తం తొమ్మిది ట్యూబులూ తీసేసి పవర్ ఇవ్వండి. బల్బు దాదాపు వెలగకూడదు. ఏ ట్యూబూ లేకుండానే పూర్తిగా వెలిగితే అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌ని అనుమానించాలి, అదీ హీటరు తీగల్లో షార్ట్, ప్యానెల్ మీది ఎర్ర దీపం హోల్డరు షార్ట్ కాదని తేల్చుకున్నాకే. దీపం హోల్డరు వంగి చాసిస్‌కి తగలడం నేను చాలాసార్లు చూశాను. బల్బు వెలగకపోతే జీజెడ్34 సాకెట్టు 4, 6 పిన్నుల దగ్గర ఏసీ చూడండి. 330 దరిదాపుల్లో ఉండటం కన్నా రెండు వైపులా సమానంగా ఉండటం ముఖ్యం. ఒకవైపు 335, ఇంకోవైపు 290 వస్తే వైండింగ్‌లో చుట్లు షార్ట్ అయ్యాయి, ట్రాన్స్‌ఫార్మర్ పోయినట్టే. రెండూ సమానంగా ఉండి, 6.3 వోల్టుల హీటరు లైనూ సరిగ్గా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్ నిక్షేపంలా ఉంది. మీదాంట్లో ట్యూబులు వెలుగుతున్నాయి, స్టాండ్‌బైలో గంటసేపు ఉంచినా ఏమీ కాలేదన్నారు. షార్ట్ అయిన ట్రాన్స్‌ఫార్మర్ గంట ఊరుకోదు. మొదట్లో ఒక్క ఆధారం కూడా లేదన్నది అందుకే.

తర్వాత జీజెడ్34 ఒక్కటే పెట్టండి. ఇక్కడో మెలిక ఉంది. మిగతా ట్యూబులు లేనప్పుడు లోడు ఉండదు, కాబట్టి హెచ్‌టీ 330కి 1.414 రెట్లు, అంటే 467 వోల్టులదాకా పోతుంది. డిజైన్ చేసినప్పుడు గోడలో 117 వోల్టులు. ఇప్పుడు మీ ఇంట్లో 122, 124 ఉంటాయి, దాంతో 480 దాటొచ్చు. ఫ్యాక్టరీ కండెన్సర్లు 450 వోల్టులవి. మీ కిట్‌లోవి ఎంత రేటింగో చూసుకోండి. 450వే అయితే ఈ టెస్టు సిరీస్ బోర్డు మీద, కొద్ది సెకన్లు మాత్రమే. కొత్తగా కొనేవాళ్ళు 500 వోల్టులవి కొనుక్కోండి. 16 మైక్రోఫారడ్ దొరక్కపోతే 22 వేయొచ్చు. మొదటి దశలో రెండు ప్యారలల్‌గా ఉంటాయి కాబట్టి 44 అవుతుంది. జీజెడ్34 మొదటి కండెన్సర్‌గా 60 మైక్రోఫారడ్ వరకు తట్టుకుంటుంది కనుక ఇబ్బంది లేదు. పెద్దవైతే మంచివనుకుని 100 వేసేవాళ్ళున్నారు, స్విచ్ వేసిన ప్రతిసారీ రెక్టిఫైయర్ లోపల నిప్పు రవ్వలు చూడాల్సివస్తుంది. ఇంకో జాగ్రత్త: ఈ ట్యూబు హీటరు పిన్నులు 2, 8 మామూలు 5 వోల్టుల పిన్నుల్లా కనిపిస్తాయి కానీ, కాథోడ్ 8వ పిన్నుకే కలిసి ఉంటుంది కాబట్టి పూర్తి హెచ్‌టీ వాటి మీదే కూర్చుంటుంది.

జీజెడ్34 పెట్టగానే బల్బు మండితే, స్టాండ్‌బైని అటూ ఇటూ మార్చి చూడండి. స్టాండ్‌బైలోనూ మండితే రెక్టిఫైయర్ ట్యూబులోనే షార్ట్, వాయించే వైపు వేస్తేనే మండితే కండెన్సర్లలోనో ఆ తర్వాతి లైన్లోనో షార్ట్ అని అనుకుని ముందుకెళ్ళండి. చేతిలో మరో మంచి జీజెడ్34 ఉంటే మార్చి చూడటం అన్నిటికన్నా తేలిక. ట్యూబు షార్ట్ అయినా ట్రాన్స్‌ఫార్మర్ బతకాలంటే 4, 6 పిన్నులకి వచ్చే తీగల్లో ఒక్కో 1ఎన్4007 సిరీస్‌లో వేసుకోవచ్చు, పట్టీ ట్యూబు వైపు. ట్యూబు సౌండు మారదు, బీమా మాత్రం ఉంటుంది. నా సొంత ఆంప్‌లో వేసుకున్నాను.

హమ్ సంగతి. మీరు మొదట ఈ పనికి దిగిందే దానికోసం. దాని శ్రుతి వింటే మూలం సగం తెలిసిపోతుంది, గిటారు వాయించేవాళ్ళకి ఇది కష్టం కాదు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, ఫుల్ వేవ్ రెక్టిఫైయర్ దాటాక 120. గిటారు ఐదో తీగ రెండో ఫ్రెట్ దగ్గర మోగే బీ స్వరం 123.5. హమ్ ఆ స్వరానికి పిసరంత కింద ఉంటే ఫిల్టర్ కండెన్సర్ల పని. ఇంకో స్థాయి కింద గుమ్మంటూ ఉంటే 60 హెర్ట్జ్: హీటర్లు, ఎర్తింగు, లేదా హాఫ్ వేవ్ బయాస్ సప్లై. మీరు కండెన్సర్లు మార్చాక అది ఎటూ తేలకముందే ఫ్యూజ్ గొడవ మొదలైంది. బయాస్ సరయ్యాక మళ్ళీ వినండి. మీటరుతో చూడాలంటే హెచ్‌టీ మీద ఏసీ కొలవాలి. మొదటి దశలో నాలుగైదు వోల్టుల ఏసీ మామూలే, కంగారుపడకండి. చోక్ (హమ్‌ని వడకట్టే కాయిల్) దాటాక ఒక వోల్టు లోపే ఉండాలి. చవక మీటర్లు కొన్ని డీసీని కూడా కలిపి ఏసీగా చూపిస్తాయి, అందుకని ప్రోబ్‌కి సిరీస్‌లో 0.1 మైక్రోఫారడ్, 630 వోల్టుల కండెన్సర్ పెట్టుకుని చూడండి.

బయాస్ కుదిరాక 6వీ6లు పెట్టేముందు వాటినీ ఒకసారి చూడండి. ఎర్రబడింది కొద్ది సెకన్లే కాబట్టి బతికే ఉండొచ్చు. గాజు లోపల కొత్తగా పాలరంగు వస్తే గాలి చొరబడింది, పోయినట్టే. వాటి కాథోడ్‌లో, అంటే 8వ పిన్నుకీ చాసిస్‌కీ మధ్య 1 ఓము రెసిస్టర్ ఒక్కోటి పెట్టుకుంటే ఇకమీదట తలనొప్పి ఉండదు, మీటరులో ఎన్ని మిల్లీవోల్టులు వస్తే అన్ని మిల్లీఆంపులు. స్పీకరు తగిలించి, వాల్యూములు సున్నాలో పెట్టి, మొదట సిరీస్ బోర్డు మీద, తర్వాత నేరుగా పవర్ ఇవ్వండి. ప్లేటు మీద 415 వోల్టులుంటే ఒక్కో ట్యూబుకి 20 నుంచి 23 మిల్లీఆంపుల దగ్గర ఆపండి. 14 వాట్లలో 70 శాతం లెక్కన 23కి కాస్త పైన వస్తుంది, నేను పాత ట్యూబులకి 20 దగ్గరే ఉంచుతాను. సౌండులో ఆ తేడా పట్టగలమనేవాళ్ళని నేను నమ్మను. చేతిలో సర్క్యూట్ కాగితం పెట్టుకుని అంకె అంకెకీ సరిపోల్చి టెన్షన్ పడకండి, ఫెండర్ వాళ్ళే ఆ కాగితం మీద ప్లస్ ఆర్ మైనస్ 20 శాతం అని అచ్చు వేశారు.

హైదరాబాద్ విషయానికొస్తే, మీ సెట్టు ట్రాన్స్‌ఫార్మర్‌కి 117 వోల్టుల ప్రైమరీ ఒక్కటే ఉంటుంది. అక్కడ గోడలో 230. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి, కనీసం 300 వీఏ, 500 అయితే నిశ్చింత. మన దగ్గర ఎక్కువగా దొరికేవి 110 వోల్టులు ఇస్తాయి. అది లోపం అనుకోకండి, ఈ సెట్టుకి మేలే. 110 దగ్గర హీటర్లకి 5.9 వోల్టుల దాకా వస్తుంది, 6.3కి పది శాతం లోపే. హెచ్‌టీ కూడా తగ్గుతుంది కాబట్టి కండెన్సర్లకీ 6వీ6లకీ కాస్త ఊపిరాడుతుంది. అక్కడ 50 హెర్ట్జ్ కావడంతో 60 హెర్ట్జ్‌కి చేసిన ఇనుము కొంచెం ఎక్కువ వేడెక్కుతుంది, ఆ వోల్టులు తగ్గడం అక్కడా కలిసొస్తుంది. ఆటో ట్రాన్స్‌ఫార్మర్ కాకుండా రెండు వైండింగులు విడిగా ఉన్నది అడిగి తీసుకోండి, ఎర్త్ పిన్ను లోపల నిజంగా కలిసి ఉందో లేదో మీటరుతో చూసుకోండి. చాలావాటిలో పిన్ను ఉంటుంది, తీగ ఉండదు. రెసిస్టర్లు, డయోడ్లు, మామూలు కండెన్సర్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. 500 వోల్టుల ఎలక్ట్రోలిటిక్‌లు, ఒక జత 6వీ6లు, ఒక జీజెడ్34 మాత్రం ఇక్కణ్ణుంచే తీసుకెళ్ళండి.

ముందు ఇవాళో రేపో మూడు కొలతలు తీసి రాయండి: ట్యూబులు తీసేసి రెండు 6వీ6 సాకెట్ల 5వ పిన్నుల దగ్గర డీసీ, జీజెడ్34 సాకెట్టు 4, 6 పిన్నుల దగ్గర ఏసీ, పవర్ తీసి ఛార్జి పోగొట్టాక ఆ 470 ఓముల రెసిస్టర్ విలువ. వీలైతే ఆ ఆరో కండెన్సర్ ఏ కాలు ఎటు ఉందో కనిపించేలా ఒక ఫోటో కూడా.